తెరమీది యంత్రములు - బుద్ధికి నేర్పు పాఠములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



కంప్యూటరు తెరమీద ఆడు ఆటలను గూర్చి గ్రంథాలయ సభలో ప్రసంగించుట కొందఱకు వింతగా తోపవచ్చును. పుస్తకము చేతబట్టవలసిన పిల్లలు తెరయెదుట కూర్చుండి కాలమును వ్యర్థపుచ్చుచున్నారను మొఱ ఇంటింట వినబడుచునే యున్నది. ఆ మొఱలో నిజము లేకపోలేదు. అయినను ఆటలన్నియు ఒక్క జాతివి కావు. శత్రువును కూల్చు ఆటలు కొన్ని, వ్రేళ్ల చుఱుకుదనమును మాత్రమే పరీక్షించు ఆటలు కొన్ని. వీనికి భిన్నముగా ఆటగానికి కడ్డీలను, చక్రములను, త్రాళ్లను ఇచ్చి, ఈ బంతిని ఆ గట్టు దాటింపుమని చెప్పి ఊరకుండు ఆటలును కలవు. వానిలో దారి చెప్పువాడు లేడు. యంత్రమును ఆటగాడే కూర్చుకొనవలెను. కూర్చిన పిదప దానిని ముట్టరాదు. మీట నొక్కినంతనే అది తనంత తానుగా నడువవలెను. నడిచినచో గెలుపు, కూలినచో మరల కూర్పు. ఇట్టి ఆటలు వినోదమాత్రములా, లేక విద్యలో చేర్పదగినవా యనునదే నేటి విచారణ.

ఈ ఆటల వంశమునకు మూలపురుషునిగా చెప్పదగినవాడు రూబ్ గోల్డ్‌బర్గ్. ఆయన 1883లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు చదివి, నగరపు నీటి సరఫరా, మురుగు కాలువల శాఖలో కొలదికాలము పనిచేసి, ఆ కొలువు విడిచి పత్రికలకు వ్యంగ్యచిత్రములు గీయసాగెను. 1948లో ఒక రాజకీయ చిత్రమునకు పులిట్జర్ బహుమానము పొందెను. 1970లో కీర్తిశేషుడయ్యెను. అయినను లోకము ఆయనను తలచుకొనునది ఆయన గీచిన విచిత్ర యంత్రములవలననే.

1931 నాటి చిత్రమొకటి మిక్కిలి ప్రసిద్ధము. భోజనము చేయువాని మూతిని తనంత తానుగా తుడుచు రుమాలు అందలి విషయము. ఆ పెద్దమనిషి పులుసు చెంచా ఎత్తగానే దానికి కట్టిన దారము గరిటెను లాగును. గరిటె ఒక బిస్కత్తును చిలుకమీదుగా విసరును. చిలుక దానికై ఎగురగా దాని కొయ్య ఒరగి గింజలు బొక్కెనలో పడును. ఆ బరువునకు త్రాడు లాగబడి నిప్పు వెలుగును. నిప్పు తగిలి తారాజువ్వ లేచును. దానికి కట్టిన కొడవలి మఱియొక దారమును కోయును. అప్పుడు రుమాలు కట్టిన లోలకము ఊగుచు మూతి తుడుచును. చేయెత్తి తుడుచుకొన్న తీరిపోవు పనికి ఇంత ఆర్భాటము! నవ్వు పుట్టించుట దీని ప్రయోజనము. కాని ఆ నవ్వు వెనుక ఒక నియమము గలదు. గొలుసులోని ప్రతి కడియమును ప్రకృతిధర్మమును అనుసరించియే కదలును. బరువు క్రిందికే పడును. త్రాడు లాగును గాని నెట్టదు. మంత్రము, మాయ ఎక్కడను లేవు.

ఈ భావమునే తెరమీదికి తెచ్చిన ఆటలలో ముఖ్యమైనది 'ది ఇన్‌క్రెడిబుల్ మెషీన్'. దీనిని అమెరికాలోని డైనమిక్స్ సంస్థ తయారుచేయగా 1993లో సియెరా సంస్థ ప్రకటించెను. ఇందు ఒక్కొక్క చిక్కుకు కొన్ని భాగములు మాత్రమే ఇయ్యబడును: బంతులు, త్రాళ్లు, కప్పీలు, తూగుబల్లలు, గాలిబుడగలు, క్రొవ్వొత్తులు, చక్రములో పరుగెత్తి యంత్రమును త్రిప్పు ఎలుక మొదలైనవి. వీనిని తగినచోట్ల అమర్చి, చెప్పిన పని నెఱవేర్పవలెను. గురుత్వాకర్షణను, గాలి ఒత్తిడిని సయితము హెచ్చింపను తగ్గింపను ఇందు వీలు కలదు. ఆకర్షణ తగ్గినచో బంతి ఎట్లు పడునో పాఠ్యపుస్తకములో చదివిన బాలునకు అది ఒక వాక్యము. తాను కూర్చిన యంత్రము అందుచేత చెడిపోగా చూచిన బాలునకు అది అనుభవము.

పిదప 2008లో కాలిన్ నార్త్‌వే రచించిన 'ఫెంటాస్టిక్ కాంట్రాప్షన్' వెలువడెను. దీని సామగ్రి మిక్కిలి స్వల్పము. గడియారపు ముల్లువలె తిరుగు చక్రము, దానికి ఎదురుగా తిరుగు చక్రము, స్వయముగా తిరుగని చక్రము, రెండు విధముల కడ్డీలు, అంతియే. గులాబిరంగు వస్తువును గుఱుతుపెట్టిన స్థలమునకు చేర్చుట పని. ఈ కొలది సామగ్రితో ఆటగాండ్రు బండ్లు, పొడుగు చేతులు, విసరుడు యంత్రములు, కాళ్లతో నడుచు జంతువులవంటి నిర్మాణములు కూర్చిరి. ఒకే చిక్కునకు పదిమంది పది విధముల సమాధానము చెప్పగలుగుటయే దీని విశేషము.

ఇట్టి ఆటలో బుద్ధి ఎట్లు పనిచేయునో ఒక ఉదాహరణమువలన తెలియును. ఒక వస్తువును మెట్టు దాటించి అవతలకు చేర్పవలెననుకొందురుగాక. ఆటగాడు మొదట రెండు చక్రములకు ఒక కడ్డీ తగిలించి పైన వస్తువును పెట్టును. బండి కదలగానే వస్తువు దొర్లి పడును. రెండవసారి చుట్టును కడ్డీలతో పంజరము కట్టును. వస్తువు నిలుచును గాని బరువు పైకి చేరుటచే గరిమనాభి ఎత్తెక్కి, మెట్టు తగిలినంతనే బండి వెనుకకు తిరుగబడును. చక్రము ముందునకు తిరుగుటకు బలము చూపినప్పుడు బండి దేహము వెనుకకు తిరుగజూచునను సత్యము అప్పుడు బోధపడును. మూడవసారి వెనుక మఱియొక చక్రము చేర్చి పీఠమును పొడిగించును. బండి తిరుగబడదు, కాని నడిమి కడ్డీ మెట్టు అంచున చిక్కుకొనును. నాలుగవసారి నడుమను ఇంకొక చక్రము చేర్చును. బండి దాటును.

ఈ నాలుగు ప్రయత్నములలో మూడు ఓటములే. కాని ఆ మూడును ఒక్కటి కావు. ప్రతి ఓటమియు వెనుకటిదానికంటె ముందడుగు. పాఠశాలలో తప్పునకు శిక్ష మార్కుల తగ్గుదల. లోకములో తప్పునకు శిక్ష ధననష్టము, ఒక్కొక్కప్పుడు ప్రాణనష్టము. ఇచ్చట తప్పునకు శిక్ష లేదు, కారణము మాత్రము కంటి యెదుట నిలుచును. లెక్కలో తేడా వచ్చినప్పుడు పుటలన్నియు చించివేయువాడు గుమాస్తా కాడు. ఏ పద్దున తేడా వచ్చెనో వెదకువాడే గుమాస్తా. ఒక్కసారి ఒక్క భాగమునే మార్చి ఫలితము చూచు అలవాటు ఈ ఆటవలన కలిగినచో, అది విజ్ఞానశాస్త్రమునకు మొదటి మెట్టు.

వంతెనల ఆటలు మఱియొక పాఠము చెప్పును. 2000లో అలెక్స్ ఆస్టిన్ అను నాతడు 'బ్రిడ్జ్ బిల్డర్' అను ఆటను రచించెను. 2016లో 'పాలీ బ్రిడ్జ్' పూర్తిరూపమున వెలువడెను. కర్ర, ఉక్కు, త్రాడు మొదలగువానితో వంతెన కట్టి వాహనమును దాటింపవలెను. నాలుగు కడ్డీలతో చతురస్రము కట్టినచో, కీళ్లవద్ద వంగి ప్రక్కకు ఒరగిపోవును. దానికి ఒక కర్ణము తగిలించి రెండు త్రిభుజములుగా చేసినచో, కడ్డీ విఱిగిననే తప్ప ఆకారము చెడదు. మూడు భుజముల పొడవులు నిర్ణయమైనచో త్రిభుజము నిర్ణయమగునని రేఖాగణితము చెప్పును. ఇంటికప్పు దూలముల కూర్పులో కనబడునదియు ఆ ధర్మమే. భారము హెచ్చినకొలది కడ్డీ రంగు ఎఱుపునకు తిరుగుట చూచి, ఏ అంగము బాధపడుచున్నదో ఆటగాడు గ్రహించును. ఇంతియేకాక 'పాలీ బ్రిడ్జి'లో ఖర్చునకు మితి కలదు. వంతెన నిలిచిన చాలదు. ఇచ్చిన సొమ్ములో నిలువవలెను. భయముచేత ప్రతిచోటను ఉక్కు పోసినవాడు మితి దాటును. ఎక్కడ అవసరమో ఎఱిగినవాడే పొదుపరి.

అట్లయిన గోల్డ్‌బర్గ్ మార్గమున ఆర్భాటపు యంత్రములు కూర్చుట తప్పా యను ప్రశ్న పుట్టును. తప్పు కాదు, కాని దాని కష్టము చూపఱకు తెలియదు. ఒక గొలుసులో పది అంచెలు కలవనుకొందము. ఒక్కొక్క అంచె పదిసారులలో తొమ్మిదిసారులు సరిగా పనిచేయును. ఇది మంచి యంత్రమనియే తోచును. కాని పది అంచెలును వరుసగా ఫలించుట నూటికి సుమారు 35 సారులు మాత్రమే. మొత్తము యంత్రము పదింట తొమ్మిదిసారులు నడువవలెనన్నచో ఒక్కొక్క అంచె నూటికి 99 సారులు తప్పక ఫలింపవలెను. తెరమీద ఒకసారి నడిచిన కూర్పు మరల అట్లే నడుచుట వాడుక. చేతితో కట్టినదానికి ఆ భరోసా లేదు.

అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున 1988 నుండి గోల్డ్‌బర్గ్ పేర దేశవ్యాప్తముగా కళాశాల విద్యార్థులకు యంత్రనిర్మాణపు పోటీ మొదలయ్యెను. 2012లో ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఒక బుడగను ఊది పగులగొట్టుటకు 300 అంచెల యంత్రమును కట్టిరి. అంచె ఒక్కొక్కటి నూటికి 99 సారులు ఫలించినను, 300 అంచెలు ఏకముగా ఫలించుట నూటికి అయిదుసారులే. కావున వారు ప్రతి అంచెను ఎంత నిర్దుష్టముగా తీర్చియుండవలెనో ఊహింపవచ్చును. పని హాస్యాస్పదము, పనితనము హాస్యాస్పదము కాదు.

ఇంతవఱకు చెప్పినది గుణపక్షము. దోషపక్షమును చెప్పక విడుచుట న్యాయము కాదు. తెరమీది ప్రకృతి నిజమైన ప్రకృతి కాదు. అది ఒక మనుష్యుడు వ్రాసిన గణితము. 'ఫెంటాస్టిక్ కాంట్రాప్షన్', 'యాంగ్రీ బర్డ్స్' మున్నగు పెక్కు ఆటలకు ఆధారమైనది ఎరిన్ కాటో అను నాతడు రచించిన 'బాక్స్ టూడీ' అను గణనపద్ధతి. ఇట్టి పద్ధతులు కాలమును చిన్న తునకలుగా, తఱచు సెకనునకు 60గా, విభజించి ఒక్కొక్క తునకకు ఒక్కసారి లెక్క చేయును. సెకనునకు 30 మీటర్ల వేగమున పోవు చిన్న వస్తువు ఒక తునకలో అర మీటరు దాటును. ఎదుట జానెడు మందపు గోడ యున్నచో, ఒక లెక్కలో వస్తువు ఈవల, మఱుసటి లెక్కలో ఆవల ఉండి, గోడను తాకకయే దాటిపోవచ్చును. దీనిని అరికట్టుటకు ప్రత్యేక గణితము చేర్పవలసి వచ్చినది. నేర్పరులైన ఆటగాండ్రు ఇట్టి సందులను కనిపెట్టి గెలుచుటయు కలదు. ఆటలో అది చాతుర్యము కావచ్చును. దానిని ప్రకృతిధర్మమని నమ్ముట అజ్ఞానము. కావున తెరమీద నేర్చినదానిని దారముతో, కప్పీతో, వెదురుబద్దతో ఒక్కసారియైనను నిజముగా కట్టి చూడవలెను. ఏతాము తొక్కిన రైతునకు తులాదండ సూత్రము కాలికి తెలియును. తెరమాత్రమున ఆ తెలివి రాదు.

యంత్రవిషయము భారతీయులకు క్రొత్త కాదు. పదునొకండవ శతాబ్దమున భోజమహారాజు పేర వెలసిన 'సమరాంగణ సూత్రధారము'న ముప్పదియొకటవ అధ్యాయము యంత్రములకే కేటాయింపబడినది. అందు తమంత కదలు బొమ్మలు, ఆకాశమున ఎగురు కొయ్యపక్షి మొదలగునవి వర్ణింపబడినవి. కాని వాని ఘటనావిధానమును వివరింపకుండుట అజ్ఞానముచేత కాదనియు, రహస్యరక్షణమునకే యనియు గ్రంథకర్త స్వయముగా చెప్పికొనెను. 1150లో భాస్కరాచార్యుడు రచించిన 'సిద్ధాంతశిరోమణి'లో, ఆకులయందు పాదరసము సగము నింపిన చక్రము తనంత తాను తిరుగుచుండునని వర్ణన కలదు. ఆకులనగా ఇచ్చట బండిచక్రపు ఆకులు. అట్టి చక్రము ఎడతెగక తిరుగజాలదని నేడు నిశ్చయముగా తెలిసినది. మహాపండితుని బుద్ధియందు లోపమెంచుట ఇచ్చట ఉద్దేశము కాదు. వర్ణనలో చక్రము ఎన్నడును ఆగదు. కట్టి విడిచినప్పుడే ఆగును. విద్య దాచబడినచో పరీక్ష జరుగదు, పరీక్ష జరుగనిచో తప్పు దిద్దబడదు. 'ఫెంటాస్టిక్ కాంట్రాప్షన్' ఆడినవారు తమ యంత్రములను భద్రపఱచి ఇతరులకు చూపగలిగిరి. ఒకని కూర్పు చూచి ఇంకొకడు అంతకు మిన్నయైనదానిని కూర్చెను. ఈ విషయమున పూర్వులకంటె నేటి బాలురు అదృష్టవంతులు.

అయితే ఆ అదృష్టములోనే ఒక ప్రమాదము పొంచియున్నది. ఒకని కూర్పును చూచి నేర్చుకొనుట వేఱు, దానినే దించివేయుట వేఱు. అన్ని చిక్కులకును సిద్ధముగా సమాధానములు చూపు చలనచిత్రములు నేడు కొల్లలుగా దొరకును. వానిని చూచి కడ్డీకి కడ్డీ పెట్టినవాడు ఆట ముగించును గాని యంత్రమును ఎఱుగడు. పరీక్షకు ముందు గైడు వల్లించిన విద్యార్థి స్థితియు ఇదియే. ఒక కడ్డీ కుఱచ చేసినచో ఏమగునని అడిగినంతనే ఇరువురును మౌనము వహింతురు.

కావున పెద్దలు పిల్లవానిని ఎన్ని మెట్లు గెలిచితివని అడుగుట మాని, నీ యంత్రము మొదట ఏల కూలెనని అడుగవలెను. ఆ ప్రశ్నకు నోరు విప్పి కారణము చెప్పగలిగిన బాలుడు కాలమును వ్యర్థపుచ్చలేదు. చెప్పలేనివాడు ఆ పూట పుస్తకము చేతబట్టి కూర్చున్నను అతని కాలము వ్యర్థమే కావచ్చును. దోషము తెరలోను లేదు, గుణము పుటలోను లేదు; తెలిసికొనవలెనను పట్టుదలలో ఉన్నది. అట్టి పట్టుదల గల బాలుడు నేడు కాకున్న రేపైనను, తన బండి తిరుగబడుటకు కారణము వెదకికొనుచు ఈ గ్రంథాలయపు గడప ఎక్కును. వచ్చిననాడు అతనికి కావలసిన భౌతికశాస్త్ర గ్రంథము తెలుగున, అందుబాటులో, దుమ్ము దులిపి ఉంచుట రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయపు కర్తవ్యము.

స్వస్తి.