ఆమె ప్రయాణం మన అమానత్

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహాబాలందరిపైన శాంతి, శుభాలు కురియుగాక! అమ్మా బాద్.



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలవారమైన మనకు ప్రయాణమంటే బస్సే. రైలెక్కాలంటే చాలా దూరం పోవలసిందే. కళాశాలకు వెళ్ళే ఆడపిల్లకు, ఆసుపత్రికి వెళ్ళే గర్భిణికి, అనుమసముద్రంపేట దర్గాకు వెళ్ళే వృద్ధురాలికి, అందరికీ ఆ పల్లెవెలుగే ఆధారం. 2025 ఆగస్టు 15 నుండి ‘స్త్రీ శక్తి’ పథకం కింద మన రాష్ట్రంలో ఆ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు ఖర్చు తప్పింది. ఇది మేలే. అయితే ఖర్చు తప్పినంత మాత్రాన భయం తప్పదు. ఆ భయాన్ని తీర్చే బాధ్యత ఎవరిదో ఈ రోజు ఆలోచిద్దాం.

కొంతకాలం క్రితం అస్ర్ నమాజు తర్వాత ఒక తండ్రి నా వద్దకు వచ్చాడు. “హజ్రత్, పాపను కాలేజీ మానిపిస్తున్నాను” అన్నాడు. బస్సులో కొందరు కుర్రాళ్ళు రోజూ ఆమె మీదికి ఒరుగుతున్నారట, వినరాని మాటలు అంటున్నారట. నేను మరో ప్రశ్న వేయకుండానే “మంచి పని చేశావు, ఆడపిల్ల గౌరవమే ముఖ్యం” అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు చేసినవారు మరునాడూ అదే బస్సెక్కారు. ఏ తప్పూ ఎరుగని బిడ్డ ఇంట్లో కూర్చుంది. అపరాధం ఒకరిది, శిక్ష మరొకరికి. ఆ తీర్పుకు ముద్ర వేసింది ఈ మింబర్ మీద నిలబడే నేనే. ఆ కుర్రాళ్ళలో ఇద్దరు మన జుమాకు వచ్చేవారేనని తర్వాత తెలిసింది. మరుసటి వారం ఆ ఇంటికి వెళ్ళి నా మాటను వెనక్కి తీసుకున్నాను. పెద్దలం నలుగురం కలిసి ఆ కుర్రాళ్ళ తండ్రులతో మాట్లాడాం. అల్లాహ్ దయవల్ల పాప తిరిగి చదువుకుంటోంది. మధ్యలో జరిగిన పరీక్ష మాత్రం పోయింది. దానికి నేనే జవాబుదారిని.

సోదరులారా! దైవప్రవక్త (స) ఇలాంటి సందర్భంలో ఏం చేశారో చూడండి. హజ్జతుల్ విదా నాడు ఫజ్ల్ బిన్ అబ్బాస్ (రజి) ఆయన వెనుక ఒంటె మీద కూర్చుని ఉన్నారు. ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ వచ్చి, వృద్ధుడైన తన తండ్రి తరఫున హజ్ చేయవచ్చునా అని అడిగింది. ఫజ్ల్ ఆమెనే చూడసాగారు. ప్రవక్త (స) ఫజ్ల్ ముఖాన్ని పక్కకు తిప్పారు. ఆమెను అక్కడి నుండి పొమ్మనలేదు. ఆమె ప్రశ్నకు చక్కగా సమాధానమిచ్చి పంపారు. ఇది సహీహ్ బుఖారీలోని హదీసు. సూరె నూర్‌ను తెరవండి. చూపులు దించుకోవాలన్న ఆజ్ఞ 30వ ఆయతులో మొదట పురుషులకు వచ్చింది. స్త్రీలకు సంబంధించిన ఆజ్ఞ ఆ తర్వాతిదైన 31వ ఆయతులో ఉంది. మనం మాత్రం మొదటిది వదిలేసి రెండోదాని మీదే ప్రసంగాలు చేస్తున్నాం.

స్త్రీలకు ప్రత్యేక స్థలం కేటాయించడం మనకు కొత్త కాదు. మస్జిదె నబవీలో ఒక ద్వారాన్ని స్త్రీలకు వదిలేస్తే బాగుంటుందని ప్రవక్త (స) అన్నారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తుదిశ్వాస వరకు ఆ ద్వారం గుండా అడుగు పెట్టలేదని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. కాపలావాడు లేడు, జరిమానా లేదు. సలాం చెప్పిన తర్వాత స్త్రీలు ముందుగా వెళ్ళిపోయేందుకు వీలుగా పురుషులు కాసేపు కూర్చునే ఉండేవారు. మరి మన బస్సులో ముందు సీట్ల పైన స్త్రీలకు అని రాసి ఉన్నా, అక్కడ కూర్చున్న మగవాడు కిటికీలోంచి బయటికి చూస్తూ నిద్ర నటిస్తాడు!

రైళ్ళకైతే చట్టమే ఉంది. 1989 నాటి రైల్వే చట్టం 58వ సెక్షన్ ప్రయాణికుల రైళ్ళలో స్త్రీలకు చోటు ప్రత్యేకించాలంటుంది. ఆ చోటులోకి చొరబడిన పురుషుణ్ణి దింపివేయడానికి, జరిమానా వేయడానికి 162వ సెక్షన్ ఉంది. ముంబైలో 1992 నుండి పూర్తిగా స్త్రీల కోసమే లోకల్ రైలు నడుస్తోంది. ఇవన్నీ అవసరమే. అయితే ఇవి చాలవు. కేరళలో 2011 ఫిబ్రవరి 1 రాత్రి ఒక యువతి రైలులో స్త్రీల పెట్టెలోనే ఒంటరిగా ఉండగా దుండగుడు ఆమెపై దాడి చేశాడు. పక్క పెట్టెలోని ప్రయాణికులకు కేకలు వినిపించాయి. ఒకరు గొలుసు లాగబోగా, ఆ అమ్మాయి దూకి తప్పించుకుందంటూ మరొకరు వారించారు. గొలుసు ఎవరూ లాగలేదు. రైలు సాగిపోయింది. ఐదు రోజుల తర్వాత ఆ బిడ్డ మరణించింది. ప్రత్యేక పెట్టె ఉంది, గొలుసు ఉంది, విన్న చెవులూ ఉన్నాయి. లేచిన చెయ్యి లేదు.

దీనికి భిన్నంగా సూరె ఖసస్ 23, 24 ఆయతుల్లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను చూడండి. మద్‌యన్ బావి వద్ద జనం కిక్కిరిసి ఉన్నారు. ఇద్దరు ఆడపిల్లలు తమ మేకలను ఆపుకొని దూరంగా నిలబడ్డారు. ఆయన పరదేశి, అలసినవాడు, నిరుపేద. అయినా మీ ఇబ్బంది ఏమిటని అడిగారు. వారి మేకలకు నీళ్ళు పెట్టారు. ప్రతిఫలం అడగకుండా, మాటలు పొడిగించకుండా నీడకు వెళ్ళి అల్లాహ్‌ను వేడుకున్నారు. సహాయం చేసే తీరు ఇది. అడగాలి, చేయాలి, తప్పుకోవాలి.

కనుక యువకులారా! స్త్రీల సీట్లను వారికి వదలండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వారిని ముందు వెళ్ళనివ్వండి. మీ స్నేహితుడు హద్దు మీరితే మొదట మీరే అతని చెయ్యి పట్టుకోండి. అన్యాయం చేసే సోదరుణ్ణి ఆపడమే అతనికి చేసే సహాయమని ప్రవక్త (స) నేర్పారు. పెద్దలారా! బస్సులో ఒక బిడ్డ బిక్కచచ్చి నిలబడి ఉంటే, “ఏమ్మా, ఇటు వచ్చి కూర్చో” అనండి. కండక్టరుకు చెప్పండి, అవసరమైతే 112కు ఫోను చేయండి. మాటతో గాని చేష్టతో గాని స్త్రీని వేధించడం భారతీయ న్యాయ సంహిత 75, 79 సెక్షన్ల కింద జైలుశిక్ష పడే నేరమని మీ కొడుకులకు తెలియజేయండి. తండ్రులారా! మీ కూతురు ధైర్యం చేసి చెప్పినప్పుడు ఆమె పుస్తకాలు మూయించకండి. ఈ మస్జిదుకు రండి. ఈసారి నేను మీ వెంట వస్తాను.

యా అల్లాహ్! మా చూపులను, మా నాలుకలను, మా చేతులను అదుపులో ఉంచు. మా ఆడబిడ్డలను క్షేమంగా తీసుకెళ్ళి క్షేమంగా ఇల్లు చేర్చు. అన్యాయం ఎదుట మూగవారిగా మమ్మల్ని లేపకు. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హందు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.