చేతిలో మూడు రాజులున్నప్పుడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మా గురువులకు, ఎల్‌బీ నగర్ నుంచి దుమ్ములో నడిచి బడికొచ్చిన నా తోటివాళ్లకు, ఈరోజు మెట్రో దిగి వచ్చిన చిన్నవాళ్లకు నమస్కారం.

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, ఇంజనీరింగ్ కెరీర్ గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నాడు. ఆ సంగతి దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి గోడా చెబుతూనే ఉంది, మళ్లీ నేనెందుకు? పత్తాలాట గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "సార్లు ఉంటారన్నా" అన్నాడు. ఉంటారనే మాట్లాడుతున్నాను. నాకు పత్తాలాటలో మొదటి పాఠం చెప్పింది మన లెక్కల సారే.

1984లో మమ్మల్ని నాగార్జునసాగర్ తీసుకెళ్లారు. బస్సు వెనక సీట్లో మేం నలుగురం తీన్ పత్తా ఆడుతూ దొరికిపోయాం. సార్ ఏమీ అనలేదు. పత్తాల కట్ట తీసుకుని సంచిలో వేసుకున్నారు. సోమవారం క్లాసులో దెబ్బలు ఖాయమనుకుని అరచేతులు రుద్దుకుంటూ కూర్చున్నాం. ఆయన వచ్చి బోర్డు మీద 52 × 51 × 50 రాసి, 6తో భాగించారు. 22,100. మూడు పత్తాలు అన్ని రకాలుగా పడొచ్చన్న మాట. అందులో ఏ జతా లేని వట్టి చేతులు 16,440. జతలు 3,744. ట్రయల్ అంటే మూడూ ఒకే రకం, అవి 52 మాత్రమే. ప్యూర్ సీక్వెన్సులు 48. అంటే ట్రయల్ కంటే ప్యూర్ సీక్వెన్సే అరుదు, కానీ ఆటలో ట్రయలే పెద్దది. "ఈ రూలు పెట్టినవాడు లెక్కల్లో తప్పి ఉంటాడు" అన్నారు సార్. క్లాసంతా నవ్వింది. నా మటుకు నాకు ఇంజనీరింగ్ ఆరోజే మొదలైంది.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇక్కడున్న పోలీసు శాఖ మిత్రుడు ఇబ్బంది పడతాడు. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట, మూడు ముక్కలాట లాగా వట్టి అదృష్టం కాదు అంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా ఆపింది. 2025లో పార్లమెంటు దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. మంచిదే. ఫోనులో జీతం పోగొట్టుకున్నవాళ్లను మనందరం చూశాం. నేను చెప్పేదంతా చింతగింజల ఆట గురించి. అయితే కోర్టు వారి మీద గౌరవంతోనే ఒక మాట: మూడు ముక్కలాటలో పడే పత్తాలు అదృష్టమే, కానీ వాటి మీద ఎంత పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది అదృష్టం కాదు.

ఆ ఎప్పుడు, ఎంత అన్నదే నా విషయం.

కొత్తపేటలో మా మేనమామ ఇంటి మిద్దె మీద ఒక దీపావళి రాత్రి నాకు మూడు రాజులు పడ్డాయి. మిగతా 49 పత్తాల్లో మూడేసి చొప్పున 18,424 చేతులు తయారవుతాయి. వాటిలో నన్ను కొట్టగలిగేవి మూడు ఆసులున్న నాలుగే నాలుగు. నేను ఆగలేక వెంటనే డబుల్ చేశాను. నా మొహం చూసి అందరూ ప్యాక్. మూడు రాజులకు నాకొచ్చింది ఆరు చింతగింజలు. మా అత్తయ్య, "నీ పత్తాలు నీ పళ్లలోనే కనిపిస్తున్నయి రా" అంది. ఆ తర్వాత నేర్చుకున్నాను. పెద్ద చేయి పడితే మొహం మామూలుగా పెట్టి, తక్కువ చాల్ వేస్తూ, ఎదుటివాడిని ఆటలో ఉండనిచ్చి, చివర్లో షో. పోకర్ ఆడేవాళ్లు దీన్ని స్లో ప్లే అంటారు. బాగా పని చేసింది. పని చేసింది కాబట్టే అలవాటైపోయింది.

2003లో ఉద్యోగం పని మీద అమెరికాలో ఉన్నప్పుడు తోటి ఇంజనీర్లు వారాంతాల్లో టెక్సాస్ హోల్డెమ్ ఆడేవారు. అందులో మీ చేతిలో రెండు పత్తాలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. ఆ ఐదూ ఒకేసారి రావు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. నాకు రెండు ఆసులు పడ్డాయి. నా పాత అలవాటు కొద్దీ మెల్లగా ఆడాను. బల్ల మీది మూడింటిలో రెండు ఆఠీన్లు, ఎదుటివాడి చేతిలో ఇంకో రెండు ఆఠీన్లు. నేను ఏమీ పెట్టలేదు కాబట్టి అతను నాలుగో పత్తాను ఊరికే చూశాడు. ఆఠీనే వచ్చింది.

తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. అతనికి కనిపించని 47 పత్తాల్లో ఆఠీన్లు తొమ్మిది. తర్వాతి పత్తా అతనికి కలిసొచ్చే అవకాశం 19 శాతం. రెండు పత్తాలూ చూడనిస్తే 35 శాతం. కుప్పలో వంద ఉందనుకోండి, నేను యాభై పెడితే అతను నూటయాభై కోసం యాభై పెట్టాలి. దానికి కనీసం 25 శాతం అవకాశముండాలి, అతనికుంది 19. అతను పెడితే నాకు లాభం, మానుకుంటే కుప్ప నాది. నేనేం చేశాను? ఆ పత్తాను అతనికి ఉచితంగా ఇచ్చాను.

తీన్ పత్తాలో చేతిలో పడ్డ మూడూ చివరిదాకా అవే. ఆగితే పోయేది నాలుగు గింజల లాభం. హోల్డెమ్‌లో ఇంకా పత్తాలు రావలసి ఉంది, ఆగితే ఆటే పోతుంది. ఆ తేడా నాకు ముప్పై దాటాక గాని తెలియలేదు.

ఆగకూడదని కాదు. 1988లో లాస్‌వెగాస్ ప్రపంచ పోటీ ఆఖరి చేతిలో జానీ చాన్‌కు జాకీ, తొమ్మిది ఉన్నాయి. బల్ల మీద రాణి, పది, ఎనిమిది పడ్డాయి. ఆ మూడింటి మీద అంతకంటే పెద్ద చేయి లేదు. ఎదుట ఎరిక్ సైడెల్‌కు రాణుల జత. చాన్ ఊరుకున్నాడు. సైడెల్ ఉన్నదంతా తోశాడు, ఆట అయిపోయింది. రౌండర్స్ సినిమాలో ఆ చేతినే చూపిస్తారు. మన కుర్రాళ్లు అది చూసి ప్రతి మంచి చేతికీ చాన్ అయిపోతారు. చాన్‌కు రాబోయే పత్తాల భయం దాదాపు లేదు. పైగా ఎదుటివాడి దగ్గర పందెం కాయడానికి సరిపడా చేయి ఉంది. ఈ రెండూ కుదిరినప్పుడే ఆగడం చెల్లుతుంది.

ఇక్కడిదాకా చింతగింజలే. ఇప్పుడు చెప్పేది కాదు.

1983లో మా నాన్న ఎల్‌బీ నగర్ దాటాక 200 గజాల ప్లాటు కొన్నాడు. ఒక పక్కన తన చేతులతో వేప మొక్క పెట్టాడు. 1999లో పక్క ప్లాటాయన గోడ లేపాడు, మా వైపు జరిపి. చెట్టు గోడకు అవతల పడింది. నేను పుణేలో ఉద్యోగంలో ఉన్నాను. నాన్న ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి మాట్లాడిపో రా" అన్నాడు. "రిజిస్ట్రేషన్ కాగితం, లేఅవుట్ మన చేతిలో ఉన్నయి కద నాన్నా, కట్టుకోనీ. కొలతలు వేయించిన్నాడు వాడే ఇస్తడు" అన్నాను. నా లెక్క ప్రకారం మా చేతిలో మూడు రాజులు. 2004లో ఆయన అక్కడ మెట్లు కట్టుకోవడానికి వేపచెట్టు కొట్టేశాడు. నాన్న ఫోన్లో "చెట్టు కొట్టేసిండు రా" అని మాత్రం చెప్పాడు, నన్ను రమ్మనలేదు. 2006లో నాన్న పోయాడు.

2009లో వెళ్లి వకీలును కలిశాను. ఆయన కాగితాలన్నీ చూసి, "చాలా బలమైన కాగితాలు, పదేళ్లు ఏం చేశారు?" అన్నాడు. లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు స్థలంలో ఇంకొకరు బాహాటంగా, మన హక్కుకు అడ్డంగా 12 ఏళ్లు అనుభవంలో ఉంటే మన దావాకు గడువు దాటిపోతుంది. ఇంకా రెండేళ్లే ఉన్నాయి. ఏటా నేనొక పత్తా ఉచితంగా ఇస్తూ వచ్చాను. గోడ ఒకటి, మెట్లు ఒకటి, కరెంటు మీటరు ఒకటి. నోటీసు ఇచ్చాం, సర్వే చేయించాం. 40 గజాలు పోయాయని తేలింది. మెట్లు పడగొట్టించే ఓపిక నాకూ లేదు, ఆయనకూ కోర్టు వద్దు. బజారు ధర కంటే తక్కువకు రాజీపడి సంతకం పెట్టాను. మనిషి చెడ్డవాడేం కాదు, ఆరోజు టీ కూడా ఇప్పించాడు. 1999లోనే నేను రైలెక్కి వచ్చి కాగితం చూపించి ఉంటే గోడ రెండు రోజుల్లో జరిగేదని ఆయనే అన్నాడు.

సార్, ఇంకొక్క మాట చెప్పి దిగిపోతాను. పదో తరగతి వీడ్కోలు రోజున మీరు ఆ పత్తాల కట్ట నాకు తిరిగిచ్చారు. ఇదిగో, జేబులోనే ఉంది. ఇంటికెళ్లి లెక్కపెడితే 51 ఉన్నాయి, ఇస్పేటు రాజు లేదు. 51 అయితే లెక్క 22,100 కాదు, 20,825. నలభై ఏళ్లుగా అడుగుదామనుకుంటూ ఆగాను. ఆ రాజు మీ దగ్గరుంటే ఈరోజు ఇచ్చేయండి సార్.