ఎవరి మణికట్టు, ఎవరి హోదా?

(మహిళా హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి మనం ఆస్తి హక్కు గురించి, పనిచోట వేధింపుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు నేను చేతివాచీ గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. నేను రాసుకొచ్చిన ప్రసంగం వేరు. కానీ పొద్దున పేర్ల నమోదు దగ్గర ఒక కాలేజీ అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. "మేడమ్, వచ్చేవారం నాకు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. మా పిన్ని దగ్గర చాలా ఖరీదైన వాచీ ఉంది. అది పెట్టుకుని వెళితే చూడగానే మంచి అభిప్రాయం కలుగుతుందని మావాళ్లు అంటున్నారు. నిజమేనా?" అని. ఒక్క మాటలో జవాబు చెప్పలేక, మధ్యాహ్నం వేదిక మీద చెబుతానన్నాను. ఆ అమ్మాయి ఈ హాల్లోనే ఉంది. అందుకే రాసుకొచ్చింది పక్కన పెట్టాను.

ముందు పరిశోధనలు చెప్పేది చూద్దాం. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాంగ్‌వాన్ ఓ, ఎల్డార్ షఫీర్, అలెగ్జాండర్ టొడొరోవ్ 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే ముఖానికి ఒకసారి కాస్త డబ్బున్నవాళ్లవిగా కనిపించే బట్టలు, ఇంకోసారి సాదాసీదా బట్టలు జతచేసి జనానికి చూపించి, ఈ మనిషి ఎంత సమర్థుడనిపిస్తున్నాడని అడిగారు. మంచి బట్టలతో చూసినప్పుడు అదే ముఖం ఎక్కువ సమర్థంగా కనిపించింది. రెప్పపాటు కంటే తక్కువసేపు చూపించినా అంతే. బట్టలు పట్టించుకోవద్దని ముందే హెచ్చరించినా అంతే. అంటే మన కన్ను మన బుద్ధి కంటే ముందే తీర్పు చెప్పేస్తోంది. వాచీ కూడా ఒంటిమీద కనబడే అలాంటి గుర్తే. కాబట్టి దాని ప్రభావం ఉండదని ఆ అమ్మాయికి అబద్ధం చెప్పలేను.

అయితే దీనికి ఇంకో పక్క ఉంది. స్టీఫెన్ గార్సియా, ఆయన సహ పరిశోధకులు 2019లో ప్రచురించిన పరిశోధనలో, కొత్త స్నేహాలు కావాలనుకునేవాళ్లు ఖరీదైన వస్తువులు ధరించి వెళితే ఎదుటివాళ్లు దగ్గరవుతారని భావించారు. ఎవరితో స్నేహం చేస్తారని ఎదుటివాళ్లను అడిగితే మాత్రం వాళ్లు సాదా వస్తువులు ధరించినవాళ్లనే ఎంచుకున్నారు. ఖరీదైన వాచీ 'ఇతను పెద్దవాడు' అని చెప్పగలదు గాని 'ఇతను మనవాడు' అని చెప్పలేదన్నమాట.

ఇక్కడొక విషయం గమనించండి. వాచీ చేయాల్సిన పని టైము చూపించడం. 1969లో జపాన్‌లో క్వార్ట్‌జ్ చేతివాచీ వచ్చింది. మామూలు క్వార్ట్‌జ్ వాచీలో నెలకు పదిహేను సెకన్ల తేడా వస్తే ఎక్కువ. లక్షలు పోసి కొనే మర వాచీలో రోజుకు కొన్ని సెకన్ల తేడా రావడం సహజం. ఐదొందల రూపాయల వాచీ ఐదు లక్షల వాచీ కంటే కచ్చితమైన టైము చూపిస్తుంది. పైగా ఇప్పుడు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి. అంటే అంత డబ్బు పెట్టేది టైము కోసం కాదు, ఎదుటివాళ్ల కన్ను కోసం. అమెరికన్ ఆర్థికవేత్త తోర్‌స్టెయిన్ వెబ్లెన్ 1899లోనే ఈ సంగతి చెప్పాడు. అవసరానికి మించిన ఖర్చు నలుగురి కంట్లో పడటమే దాని ప్రయోజనమన్నాడు. ఆయన మరో మాట కూడా అన్నాడు, మనకు కావలసింది అదే. భార్య ఒంటిమీది నగలు, బట్టలు ఆమె హోదాని కాదు, ఆమె భర్త హోదాని ప్రదర్శిస్తాయని.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను.

మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆయన చేతికి హెచ్.ఎం.టి. వాచీ ఉండేది. రోజూ పొద్దున్నే స్నానం చేశాక కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు కట్టుకునేవారు. హెచ్.ఎం.టి. బెంగుళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీల తయారీ మొదలుపెట్టింది 1961లో. మన పార్లమెంటు వరకట్న నిషేధ చట్టం చేసిందీ 1961లోనే. జూలై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. కానీ మన పెళ్లిపందిళ్లలో రెండూ ఎదురుపడ్డాయి. పెళ్లికొడుక్కి పెట్టేవాటిలో ఉంగరం, సూటు పక్కన వాచీ చేరింది. సైకిలు మోటారు సైకిలయింది, రేడియో టీవీ అయింది గాని వాచీ మాత్రం జాబితాలోంచి పోలేదు. కంపెనీయే మారుతూ వచ్చింది.

1992లో మా అక్క పెళ్లి. నాకప్పుడు పన్నెండేళ్లు. అలకపాన్పు మీద మా బావగారు అటు తిరిగి పడుకున్నారు. అదంతా సరదా కార్యక్రమమని మనందరికీ తెలుసు. ముత్తైదువులు పాటలు పాడతారు, మరదళ్లు ఆటపట్టిస్తారు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఆయన ఫారిన్ వాచీ కావాలన్నారు. నాన్న కొనిపెట్టిన వాచీ అప్పటికే ఆయన చేతికి ఉంది. అది చాలదన్నమాట. నాన్న నవ్వుతూనే "అలాగే బాబూ" అన్నారు. నాలుగు రోజుల తర్వాత మా అమ్మ చేతికి ఒక జత గాజులు తగ్గాయి. గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన దగ్గర వాచీ కొన్నారు. తాకట్టుకు వెళ్లిన ఆ గాజులు మళ్లీ ఇంటికి రాలేదు.

మా బావగారు చెడ్డవారు కాదు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికి కష్టమొచ్చినా ముందు వచ్చేది ఆయనే. అందుకే ఈ ఉదాహరణ చెబుతున్నాను. ఆ వాచీ పెట్టుకుని ఆఫీసుకు వెళితే "మామగారు గట్టిగానే పెట్టారే" అన్నారట తోటివాళ్లు. ఆ మాట ఆయన మా ఇంట్లోనే మురిసిపోతూ చెప్పారు. మా అమ్మ మణికట్టు మీంచి దిగిన బంగారం ఆయన మణికట్టు మీద హోదాగా మారింది. చూసేవాళ్లకి మాత్రం ఆయన విలువే కనబడింది, అమ్మ చెయ్యి కనబడలేదు.

నాలుగేళ్ల తర్వాత మా అక్కకి ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి నెల జీతంతో తనకో వాచీ కొనుక్కుంది. సన్నటి పట్టీ, చింతగింజంత డయలు. ఆ రోజుల్లో చాలామంది టీచర్లలాగే డయలు మణికట్టు లోపలివైపుకి వచ్చేలా కట్టుకునేది. స్టాఫ్ రూములో మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "మీ ఆయన కొన్నారా?" ఊళ్లోకొస్తే పక్కింటి పిన్నిగారూ అదే ప్రశ్న. అక్క ఆ నెల తన జీతం ఎంతో కూడా చెప్పి మరీ, తానే కొనుక్కున్నానని వాదించేది. కొన్నాళ్లకి విసిగిపోయి "అవునండీ" అనడం మొదలుపెట్టింది.

ఇది మన పల్లెటూరి అజ్ఞానమనుకోకండి. యజిన్ వాంగ్, వ్లాదాస్ గ్రిస్కెవిషియస్ అనే పరిశోధకులు అమెరికాలో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఖరీదైన బట్టలు, నగలు వేసుకున్న స్త్రీని చూసి తోటి స్త్రీలు ఆమె భాగస్వామి ఆమెకి ఎక్కువ కట్టుబడి ఉన్నాడని భావించారు. ఆ వస్తువుల వెనక ఒక మగవాడి డబ్బు ఉందన్న ఊహ అక్కడా ఉంది. కాబట్టి మన ప్రశ్నని కొంచెం మార్చుకోవాలి. ఖరీదైన వాచీ హోదాని చూపిస్తుందా అంటే, చూపిస్తుంది. ఎవరి హోదాని? మగవాడి చేతికుంటే అతనిది, అది మామగారు కొన్నదైనా సరే. ఆడదాని చేతికుంటే ఆమె వెనకున్న మగవాడిది, అది ఆమె చెమటతో కొన్నదైనా సరే. పితృస్వామ్యం ఎక్కడుందో చూపించమని అడుగుతుంటారు కదా, ఇంత చిన్న డయల్లో కూడా ఉంది.

ఇంతవరకు ఇతరుల గురించి చెప్పాను. ఇప్పుడు నా గురించి కూడా చెప్పాలి.

కొంతకాలం క్రితం హైదరాబాదులో ఇళ్లల్లో పనిచేసే ఒకామెతో కలిసి పోలీసు స్టేషనుకి వెళ్లాను. భర్త, అత్త కొట్టిన కేసు. అంతకుముందు రెండుసార్లు ఆమె ఒక్కతే వెళితే, సర్దుకుపొమ్మని తిప్పి పంపారు. ఆ రోజు నా చేతికి మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన వాచీ ఉంది. అధికారి నన్ను చూశాడు, నా చేతిని చూశాడు. "కూర్చోండి మేడమ్" అన్నాడు. ఉన్నది ఒక్క కుర్చీ కాదు. అయినా ఆమె నిలబడే ఉంది. ఏం జరిగిందని నన్నడిగాడు. దెబ్బలు తిన్నది ఆమె అయితే జవాబులు నేను చెప్పాను. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, పది నిమిషాల దాకా నాకది తోచనే లేదు. ఫిర్యాదు రాసుకున్నారు. బయటికి వచ్చాక ఆమె అంది: "అమ్మా, ఆయన నీ చేతి గడియారం జూసి రాసిండు. నా దెబ్బలు జూసి కాదు."

వాచీ ఒక్కటే కారణమని నేననను. నా చీర, నా మాట తీరు, మధ్యలో దొర్లిన ఇంగ్లీషు ముక్కలు, నా పేరులోంచి తెలిసే కులం, ఇవన్నీ కలిసే ఆ కుర్చీ ఇప్పించాయి. కానీ ఆమె గుర్తుపట్టింది వాచీని. రెండుసార్లు రిక్తహస్తాలతో వెళ్లి వెనక్కి వచ్చిన మనిషి ఆమె. ఆమె లెక్క తప్పని నేనెలా అంటాను?

నేను వాచీ తీసేస్తే సరిపోతుందా? కొన్నాళ్లు తీసేశాను కూడా. దానివల్ల ఆమెకి కుర్చీ రాదు. ఇది ఒకరి నిరాడంబరత్వంతో తీరే సమస్య కాదు. పెళ్లిచూపుల్లో ఒకరినొకరు ఎలా అంచనా వేసుకుంటారన్నది ఒక సంగతి. ప్రజల డబ్బుతో నడిచే స్టేషను, ఆసుపత్రి, బ్యాంకు ఒంటిమీది ఖరీదుని బట్టి మనిషిని అంచనా వేయడం వేరే సంగతి. మొదటిది అలవాటు, రెండోది హక్కుల ఉల్లంఘన. భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని 173వ సెక్షన్ ప్రకారం కాగ్నిజబుల్ నేరం జరిగిందని చెబితే, అది ఏ ప్రాంతంలో జరిగినా సరే, ఏ స్టేషనులోనైనా నమోదు చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఆ సెక్షన్‌లో వాచీ ప్రస్తావన లేదు. మనం ఎవరికైనా తోడుగా వెళ్లినప్పుడు చేయాల్సిన మొదటి పని, మనకి చూపించిన కుర్చీలో ఆమెని కూర్చోబెట్టడం. రెండోది, ప్రశ్న మనకి వేస్తే "ఆమెని అడగండి" అనడం. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

పెళ్లి వాచీ విషయంలోనూ చట్టం తెలుసుకోవాలి. వరకట్న నిషేధ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, అడగకుండా ఇచ్చినదే కానుక. అదీ ఆచారంలో ఉన్నదై ఉండాలి, ఇచ్చేవాళ్ల స్తోమతకి మించకూడదు, జాబితాలో రాయాలి. 1985 నాటి నిబంధనల ప్రకారం ఆ జాబితాలో వస్తువేమిటో, విలువ సుమారుగా ఎంతో, ఎవరిచ్చారో రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేయాలి. మరి అలకపాన్పు మీద అడిగింది అడగకుండా ఇచ్చినదెలా అవుతుంది? అలిగినా, నవ్వుతూ అడిగినా అడగడం అడగడమే. అలాగే ఆరో సెక్షన్ ప్రకారం, కట్నంగా ఇచ్చినది ఎవరి చేతిలో ఉన్నా మూడు నెలల్లోగా ఆ స్త్రీకి అప్పగించాలి. అప్పటిదాకా ఆమె మేలు కోసమే దాన్ని ఉంచాలి. మీలో ఎంతమంది పెళ్లిళ్లలో అలాంటి జాబితా రాశారు? చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి కూడా లేవలేదు. వచ్చే పెళ్లిళ్ల సీజనుకైనా, మన ఇళ్లల్లోనైనా, ఈ ఒక్క పని మొదలుపెడదాం.

ఇక ఆ అమ్మాయికి నా జవాబు. అమ్మా, పిన్నిగారి వాచీ పెట్టుకుంటే ఒక క్షణం పాటు నీకు లాభమే జరగొచ్చు. కానీ అరువు వాచీ కట్టుకున్న చెయ్యి జాగ్రత్తగా కదులుతుంది. పోతుందేమో, గీత పడుతుందేమో అన్న ధ్యాస సగం అక్కడే ఉంటుంది. వాళ్లడిగే ప్రశ్నల మీద ఉండాల్సిన ధ్యాస అది. నీకు వాచీ ఉంటే, అది ఎంత చవకదైనా, అదే పెట్టుకుని పది నిమిషాలు ముందే చేరుకో. లేకపోతే ఖాళీ చేత్తో వెళ్లు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో నీకు నచ్చిన వాచీ కొనుక్కో. అప్పుడు ఎవరైనా ఎవరు కొన్నారని అడిగితే, మా అక్కలాగా విసిగిపోకు. అడిగిన ప్రతిసారీ "నేనే" అని చెప్పు.