ఇన్‌స్టలేషన్ నడుమ ఆగిన కంప్యూటరు: లోపాన్ని వెతికే క్రమం



విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని స్థానంలో ఉన్న విండోస్ 11 కనీసం 4 జీబీ మెమరీని, 64 జీబీ నిల్వ స్థలాన్ని, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటును కోరుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరానికి ముందువాటిని, కొద్ది మినహాయింపులు తప్ప, అంగీకరించదు. సిప్‌కాట్ కర్మాగారాల్లో పని కోసం కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం వైపుల నుంచి వచ్చి హోసూరులోనూ కృష్ణగిరిలోనూ అద్దె ఇళ్లలో స్థిరపడిన కుటుంబాలకు ఈ మార్పు చిన్నది కాదు. ఆ ఇళ్లలోని కంప్యూటరు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొన్న పాత డెస్క్‌టాప్ కావచ్చు, 2011లో తమిళనాడు ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత పథకం కింద పిల్లలకు అందిన ల్యాప్‌టాప్ కావచ్చు. కొత్త విండోస్ ఎక్కించాలన్నా, పాతదాన్నే మళ్లీ ఎక్కించాలన్నా, లినక్స్‌కు మారాలన్నా ఇన్‌స్టలేషన్ అనే గడపను దాటవలసిందే. చాలా యంత్రాలు ఆ గడప దగ్గరే కూలబడతాయి.

అప్పుడు దుకాణంలో వినిపించే మాట ఒక్కటే: ‘ఫార్మాట్ కొట్టాలి’. ఫార్మాట్ సర్వరోగ నివారిణి కాదు. చెడిన మెమరీ మీద పదిసార్లు ఫార్మాట్ చేసినా ఫలితం మారదు. ఆ పదిసార్లలో మొదటిసారికే ఇంటివారి ఫోటోలు, పత్రాలు మాత్రం పోతాయి.

రోజూ పాటలు వినిపించిన యంత్రం ఇన్‌స్టలేషన్‌కు వచ్చేసరికి ఎందుకు మొరాయిస్తుంది? నిత్య వ్యవహారంలో కంప్యూటరు తన శక్తిలో స్వల్ప భాగమే వాడుకుంటుంది. ఇన్‌స్టలేషన్‌లో అలా కాదు. పెన్‌డ్రైవ్ నుంచి కొన్ని జీబీల సమాచారం ఏకధాటిగా చదవాలి, కుదించి ఉన్న ఫైళ్లను మెమరీలో విప్పాలి, విప్పిన ప్రతి ముక్కనూ దాని సరిచూపు సంఖ్యతో పోల్చాలి, ఆపైన డిస్కు మీద రాయాలి. ఫోటోలో ఒక్క బిట్టు తప్పితే ఎక్కడో ఒక చుక్క రంగు మారుతుంది. ఎవరి కంటా పడదు. ఇన్‌స్టలేషన్‌లో అదే ఒక్క బిట్టు తప్పితే సరిచూపు సంఖ్య కుదరదు, పని అక్కడికక్కడ ఆగుతుంది. 1990లలో లినక్స్ వాడుకరులకు ఇటువంటి అనుభవమే ఎదురైంది. అన్ని పనులూ సవ్యంగా చేస్తున్న కంప్యూటరు, కెర్నెల్‌ను కంపైల్ చేయబోతే ‘సిగ్నల్ 11’ అనే లోపంతో ఆగిపోయేది. సాఫ్ట్‌వేర్‌ను నిందించిన వారిలో చాలామందికి చివరకు దొరికిన దోషి చెడిన మెమరీయే. కాబట్టి ఇన్‌స్టలేషన్ ఆగడాన్ని కొత్తగా వచ్చిన జబ్బుగా కాక, ఎప్పటి నుంచో దాగి ఉన్న జబ్బు బయటపడిన సందర్భంగా చూడడం ఉచితం.

దేనినీ విప్పక ముందు చేయవలసిన పని ఒకటుంది: అదే ఇన్‌స్టలేషన్‌ను, ఏదీ మార్చకుండా, మరొకసారి నడిపి చూడాలి. రెండుసార్లూ ఎంత శాతం దగ్గర ఆగిందో కాగితం మీద రాసుకోవాలి. తెర మీది సందేశాన్ని ఫోనుతో ఫోటో తీయాలి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే అనుమానం మొదట పెన్‌డ్రైవ్ మీదికి, తరువాత డిస్కు మీదికి పోవాలి. చెడిన ఫైలు, చెడిన సెక్టారు ఉన్న చోటనే ఉంటాయి కదా. ఒకసారి 12 శాతం దగ్గర, మరోసారి 61 శాతం దగ్గర, మూడోసారి అసలు మొదలవకుండానే ఆగితే అనుమానించవలసినవి మెమరీ, వేడి, కరెంటు. ఈ భేదం నూటికి నూరుపాళ్లు నిలిచే శాస్త్రం కాదు గాని, వెతుకులాటను సగానికి సగం తగ్గిస్తుంది. తమిళమో కన్నడమో మాట్లాడే మెకానిక్కుకు బాధ వివరించడానికి మాట చాలని కొత్తవారికి ఆ కాగితం, ఆ ఫోటో రెండూ దుబాసీల వలె పనిచేస్తాయి.

డిస్కులోని సొంత సమాచారాన్ని కాపాడుకోవడం ఏ మరమ్మతుకైనా ముందే జరగాలి. ఉబుంటు వంటి లినక్స్‌ను, లేదా ప్రభుత్వ ల్యాప్‌టాప్‌ల ద్వారా ఇక్కడి విద్యార్థులకు పరిచయమైన సీ-డాక్ వారి బాస్ లినక్స్‌ను, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడపవచ్చు. అలా నడిపి డిస్కులోని ఫైళ్లను మరో డిస్కుకు నకలు చేసుకోవచ్చు. స్వగ్రామంలోని పొలం అడంగల్ స్కాను ప్రతులు, పిల్లల కుల ధ్రువీకరణ పత్రాలు, పాత జీతపు రసీదులు ఏ ఫోల్డరులో ఉన్నాయో ఇంటివారికే తెలుసు, దుకాణదారుకు తెలియదు. డీటీపీ పని చేసినవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. యూనికోడ్ కాని అను వంటి పాత ఖతులలో కూర్చిన తెలుగు ఫైళ్లను ఆ ఖతులు లేకుండా దాచుకుంటే, రేపు తెరిచినప్పుడు కనిపించేది అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల గుంపు. ఫైలుతో పాటు ఖతినీ దాచాలి.

ఇంతకంటె పెద్ద ప్రమాదం బిట్‌లాకర్‌తో ఉంది. ఇటీవలి ల్యాప్‌టాప్‌లు చాలావరకు యజమానికి తెలియకుండానే డిస్కును గుప్తీకరించి ఉంచుతాయి. బయోస్ అమరికలు మారినా, మదర్‌బోర్డు మార్చినా, తరువాత యంత్రం 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడగవచ్చు. అది సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపడి ఉంటుంది. ఆ ఖాతా ఎవరి పేరున ఉందో, దాని పాస్‌వర్డు ఏమిటో ఎవరికీ గుర్తు లేకపోతే డిస్కు చెక్కు చెదరకుండా ఉన్నా అందులోని సమాచారం లేనట్టే. దుకాణానికి బయలుదేరక ముందే ఆ సంఖ్యను కాగితం మీదికి ఎక్కించుకోవాలి.

ఇక లోపాన్ని వెతికే క్రమం. అన్నిటికంటె తేలికగా మార్చగలిగినది పెన్‌డ్రైవ్ గనుక అక్కడ మొదలుపెట్టడం మేలు. బజారులో చవకగా దొరికే పెన్‌డ్రైవ్‌లలో కొన్ని పైన 64 జీబీ అని చెప్పుకున్నా లోపల అంత ఉండదు; నిండిన తరువాత రాసినదంతా పాతదాని మీద పడుతుంది, లేదా గాలిలో కలుస్తుంది. పెన్‌డ్రైవ్‌ను, యూఎస్‌బీ పోర్టును రెండింటినీ మార్చి చూడాలి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టును వదిలి, వెనుక మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న పోర్టు వాడాలి. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైలు సరిచూపు సంఖ్యను తయారీదారు ప్రకటించిన దానితో పోల్చడం రెండు నిమిషాల పని.

తరువాతిది మెమరీ. 8 జీబీ మెమరీ అంటే సుమారు 6,870 కోట్ల బిట్లు. వాటిలో ఒక్కటి మాట తప్పినా చాలు. ‘80070570’ అంకెలున్న లోపసంకేతంతో, ఫైలు పాడైందనో చదవలేకపోతున్నామనో విండోస్ చెప్పినప్పుడు, నిజానికి ఫైలు బాగానే ఉండి, దాన్ని విప్పిన మెమరీ చెడి ఉండవచ్చు. మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ఉచిత సాధనాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వీలైతే రాత్రంతా వదిలేయాలి. ఎరుపు రంగులో ఒక్క లోపం కనిపించినా ఆ మెమరీని నమ్మరాదు. ‘ఒక్కటే కదా’ అనే సర్దుబాటు ఇక్కడ చెల్లదు. రెండు మెమరీ కడ్డీలు ఉంటే ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షించాలి. ఒకే కడ్డీ ఒక స్లాటులో నెగ్గి మరో స్లాటులో ఓడితే తప్పు కడ్డీది కాదు, స్లాటుది. కొన్నిసార్లు బంగారు పూత అంచుల మీద పట్టిన మకిలే కారణం. కరెంటు తీగ తీసేసి, బ్యాటరీ వేరుచేసి, మెత్తని పెన్సిలు రబ్బరుతో సున్నితంగా తుడిచి మళ్లీ బిగించగానే యంత్రం లేచి కూర్చుంటుంది. పాత దానికి తోడుగా వేరే వేగపు మెమరీ కొని అతికించిన యంత్రాల్లో, కొత్త కడ్డీ తీసేసి చూడడమే సగం వైద్యం.

డిస్కు విషయంలో దుకాణాల్లో తొందరపాటు ఎక్కువ. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్క రాసుకుంటుంది. ఆ లెక్కకే స్మార్ట్ అని పేరు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ద్వారా, లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ ద్వారా దానిని చదవవచ్చు. సాధారణ హార్డ్ డిస్కులో మూడు వరుసలు చూస్తే చాలు. 5వ వరుస, చెడి ప్రత్యామ్నాయానికి మార్చిన సెక్టార్ల లెక్క. 197వ వరుస, చదవడానికి మొరాయిస్తూ నిర్ణయం కోసం వేచి ఉన్న సెక్టార్ల లెక్క. ఈ రెండూ పెరుగుతూ ఉంటే డిస్కు రోజులు దగ్గరపడ్డాయి. దాని మీద మరమ్మతు ప్రోగ్రాములు పదేపదే నడపడం, ఊపిరి అందని రోగిని పరుగెత్తించడం వంటిది. ముందు నకలు తీయాలి. 199వ వరుస కథ వేరు. అది డిస్కుకూ మదర్‌బోర్డుకూ నడుమ సమాచారం దారిలో చెడిన సందర్భాల లెక్క. అది పెరుగుతున్నదంటే మొదట మార్చవలసింది సాటా కేబులు. ఆ అంకె వెనక్కి తగ్గదు గనుక, కేబులు మార్చిన తరువాత అది అక్కడే నిలిచిందా, ఇంకా పెరుగుతున్నదా అని చూడాలి. స్వల్ప ఖర్చుతో పోయే కేబులు దోషానికి వేల రూపాయల డిస్కును బలి ఇచ్చిన ఉదంతాలు మరమ్మతు వృత్తిలో కొత్తవి కావు.

లోపమే లేని లోపం కూడా ఒకటుంది. పదకొండవ తరం ఇంటెల్ ప్రాసెసరుతో మొదలై అనేక ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఇన్‌స్టలేషన్ సగం దూరం వచ్చి, ‘డ్రైవు ఏదీ కనబడలేదు’ అంటుంది. డిస్కు చనిపోలేదు. ఇంటెల్ వీఎండీ అనే నియంత్రికకు చెందిన డ్రైవరు ఆ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లో లేదు, అంతే. తయారీదారు వెబ్‌సైటు నుంచి ఆ డ్రైవరు తెచ్చి, ‘లోడ్ డ్రైవర్’ మీట ద్వారా చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీని ఆపివేయడం మరో దారి. అయితే అప్పటికే ఉన్న విండోస్ ఆ తరువాత తెరుచుకోకపోవచ్చు. కొత్త డిస్కు కొనమన్న సలహా విన్నవారు ముందు ఈ ప్రశ్న అడగాలి: బయోస్‌లో ఈ డిస్కు పేరు కనిపిస్తున్నదా? కనిపిస్తుంటే, కొనుగోలుకు తొందర లేదు.

వేడి, కరెంటు, ఎర్తింగు — ఈ మూడింటిలో ఊరి ప్రభావం ఉంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరులో చల్లగా నడిచిన యంత్రం, కిందనున్న కృష్ణగిరి వేసవిలో అదే పనికి సొమ్మసిల్లవచ్చు. గ్రానైట్ క్వారీలు, కోత యంత్రాలు ఉన్న చోట్ల గాలిలో తేలే రాతి పొడి ఫ్యాను రెక్కల మీద, రేడియేటరు సందుల్లో పేరుకుంటుంది. ఇన్‌స్టలేషన్ మధ్యలో ఏ సందేశమూ లేకుండా ఠపీమని ఆరిపోతే, కాసేపు చల్లారాక మళ్లీ వెలిగితే, విండోస్‌ను వదిలి ఫ్యాను చూడాలి. శుభ్రం చేసేటప్పుడు ఫ్యానును వేలితో ఆపి పట్టుకుని గాలి ఊదాలి. డెస్క్‌టాప్‌లో భారం పడినప్పుడల్లా తనంతట తాను రీస్టార్టు అవుతుంటే ఎస్‌ఎంపీఎస్‌ను మార్చి చూడాలి. అద్దె గదుల్లో మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తు పిన్ను విరిచి రెండు రంధ్రాల సాకెట్టులో దూర్చడం చాలా చోట్ల అలవాటు. క్యాబినెట్టు ముట్టుకుంటే చిమచిమలాడడం దాని ఫలితం. అది కంప్యూటరుకే కాదు, ఇంట్లో పాకే పిల్లలకూ ప్రమాదమే. అక్కడ పిలవవలసింది కంప్యూటరు మెకానిక్కును కాదు, ఎలక్ట్రీషియనును. ఇంటి యజమానితో మాట్లాడవలసిన అవసరమూ ఉంటుంది.

యంత్రం తెరిచిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. దానితో బయోస్ అమరికలూ మొదటికి వస్తాయి, ఇన్‌స్టలేషన్ దారి తప్పుతుంది. మార్చడం తేలిక, ఖర్చు స్వల్పం.

ఇన్ని చూసినా లోపం చిక్కకపోతే మదర్‌బోర్డు మిగులుతుంది. అది ఇంట్లో తేలే విషయం కాదు. దుకాణంలో యంత్రం అప్పగించేటప్పుడు మెమరీ, డిస్కుల సీరియల్ సంఖ్యలు రాసిన రసీదు తీసుకోవడం, మార్చిన పాత భాగాన్ని తిరిగి అడిగి తెచ్చుకోవడం వినియోగదారు చేయదగిన పనులు. మంచి మెకానిక్కు దీనికి నొచ్చుకోడు. వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయించవచ్చు.

తిరిగి తెచ్చుకున్న పాత డిస్కును పాత ఇనుము వారికి అమ్మేయరాదు. త్వరిత ఫార్మాట్ చేసిన డిస్కులోంచి ఫైళ్లను వెలికితీసే ఉచిత సాధనాలు ఎవరికైనా దొరుకుతాయి. పూర్తిగా తుడిచివేశాకే వదులుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇటువంటి వస్తువులు గుర్తింపు పొందిన రీసైక్లర్లకే చేరాలి. ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీ చేతికి వస్తే దానిని గుచ్చకూడదు, ఛార్జి చేయకూడదు, ఇంటింటికీ వచ్చే పారిశుధ్య కార్మికుల తడి, పొడి చెత్త బుట్టల్లో కలపకూడదు. చెత్త బండిలో నలిగిన లిథియం బ్యాటరీ అంటుకుంటే గాయపడేది ఆ కార్మికులే. తీగల కొసలకు టేపు అంటించి, ఎండ తగలని చోట విడిగా ఉంచి, అది ఏమిటో చెప్పి అప్పగించాలి.