మాన్యుమెంట్ వ్యాలీ మన ఫోటోల్లో ఎందుకంత చిన్నగా కనిపిస్తుంది?

ఈరోజు ఎపిసోడ్ అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం. ఇండియాలో ఉన్నవాళ్ళు కూడా స్కిప్ చేయకండి, ఏ కొండ ఫోటో తీసినా లెక్క ఇదే.

ఫీనిక్స్ నుంచి ఐదారు గంటలు డ్రైవ్ చేసి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్తారు. యూటా, అరిజోనా బోర్డర్ దగ్గర, నవాహో ప్రజల నేల అది. దాదాపు 300 మీటర్ల ఎత్తున ఎర్రటి ఇసుకరాతి గుట్టలు నిలబడి ఉంటాయి. చూస్తే నోట మాట రాదు. అదే ఫోటో వాట్సాప్‌లో ఇంటికి పంపితే, "ఈ బోడిగుట్టల కోసం అంత దూరం పోయారా?" అని అమ్మ అంటుంది. అమ్మ తప్పేం లేదు. ఫోటోలో అవి నిజంగానే గులకరాళ్ళలా ఉన్నాయి.

ఎందుకంటే అక్కడికి వెళ్ళగానే అందరూ నొక్కేది 0.5 లెన్స్. అంతా ఫ్రేమ్‌లోకి రావాలని ఆశ. వచ్చేది ఏంటి? సగం మట్టి, సగం ఆకాశం, మధ్యలో సన్నగా గుట్టలు. 2ఎక్స్ కానీ 3ఎక్స్ కానీ పెట్టండి. ఒక్క గుట్ట చాలు, అదే ఫ్రేమ్ నిండా ఉండాలి. మీ ఫోన్‌లో టెలిఫోటో లెన్స్ లేకపోతే 2ఎక్స్ దగ్గర ఆగిపోండి, ఆ పైన ఫోన్ చేసేది కత్తిరించి సాగదీయడమే.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. ఫ్రెండ్‌ని ఫోన్‌కి నాలుగడుగుల దూరంలో నిలబెడితే గుట్ట వాడి పక్కన చిన్నదైపోతుంది. వాడిని బాగా దూరం పంపించి, జూమ్ చేసి తీయండి. మనిషి చిన్నగా కనిపిస్తేనే రాయి పెద్దదని కంటికి తెలుస్తుంది. వాడు అలుగుతాడు, పర్లేదు! విజిటర్ సెంటర్ పైనుంచి చూస్తే కింద 27 కిలోమీటర్ల మట్టిరోడ్డు మీద కార్లు చీమల్లా పోతుంటాయి. ఒక్క కారు, దాని వెనక లేచే దుమ్ము, ఆ పైన గుట్ట. ఫ్రేమ్ రెడీగా ఉంది, మీరు ఆగి చూడాలంతే.

అక్కడినుంచి ఎదురుగా మూడు గుట్టలు కనిపిస్తాయి: వెస్ట్ మిట్టెన్, ఈస్ట్ మిట్టెన్, మెరిక్. మిట్టెన్ అంటే బొటనవేలు మాత్రమే విడిగా ఉండే గ్లౌజు. ఆ బొటనవేలికీ చేతికీ మధ్య ఆకాశం కనబడాలి, అప్పుడే ఆ ఆకారం తెలుస్తుంది. ఒక గుట్ట ఇంకోదాని మీదికి ఎక్కితే రెండూ కలిసి ఒక ముద్ద అయిపోతాయి. గుట్టలు చాలా దూరం కాబట్టి రెండడుగులు పక్కకి జరిగితే లాభం లేదు, కారులో కొంచెం ముందుకెళ్ళి చూడండి. ఎదురుగా ఉన్న పొదలు అడ్డొస్తే మాత్రం రెండడుగులు చాలు.

వెలుగు సంగతి. విజిటర్ సెంటర్ నుంచి మనం చూసేది తూర్పువైపు. కాబట్టి ఉదయం గుట్టలు నల్లటి నీడబొమ్మల్లా వస్తాయి, సాయంత్రం ఎండ నేరుగా పడి ఎర్రగా వెలుగుతాయి. మార్చి చివర్లో, సెప్టెంబర్ మధ్యలో కొద్దిరోజులు సూర్యాస్తమయానికి వెస్ట్ మిట్టెన్ నీడ వెళ్ళి ఈస్ట్ మిట్టెన్ మీద పడుతుంది. కుదిరితే ట్రిప్ ఆ రోజుల్లో పెట్టుకోండి. స్క్రీన్ మీద రాయిని టచ్ చేసి, వెలుతురు కాస్త కిందికి లాగండి. లేకపోతే రాతి మీద గీతలన్నీ పోయి ఆరెంజ్ పెయింట్ వేసినట్టు ఉంటుంది. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్ వల్ల, అంటే ఒకరకంగా తుప్పే. దాని మీద మళ్ళీ ఫిల్టర్ దేనికండీ?

"ఫారెస్ట్ గంప్" సినిమాలో పరుగు ఆపే చోటు కూడా దగ్గర్లోనే, హైవే 163 మీద. అక్కడ ఫోటో కోసం రోడ్డు మధ్యలో నిలబడతారు. వద్దు. అది ట్రక్కులు వచ్చే రోడ్డు. పక్కనుంచి 3ఎక్స్‌లో తీసినా రోడ్డు, గుట్టలు రెండూ బాగా వస్తాయి.

డ్రోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి, అక్కడ నిషేధం. గుట్టలు ఎక్కకూడదు. అక్కడివాళ్ళని అడగకుండా ఫోటో తీయొద్దు, అవి వాళ్ళ ఇళ్ళు.

ఫీనిక్స్ వాళ్ళూ, చివరగా ఒక మాట. అరిజోనాలో ఎండాకాలం గడియారం మార్చరు, నవాహో నేషన్‌లో మారుస్తారు. మీ వాచీలో నాలుగైతే అక్కడ ఐదు. గేటు వాళ్ళ టైమ్‌కే మూస్తారు. ముందే చూసుకుని బయల్దేరండి.