క్లోమంలోని లంకలు



మన సాయంకాలపు తరగతికి వచ్చే ఒక పిల్లవాడు రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. వాడు ఒకనాడు, "మాస్టారూ, ఐలెట్‌ను తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. పాఠ్యపుస్తకాలు పుటిక అంటాయి. మా తాత గోదావరి లంకలనుంచి వచ్చినవాడు కనుక నేను లంక అన్నాను.

1869లో బెర్లిన్‌లో 21 ఏండ్ల వైద్యవిద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలో, జీర్ణరసం చేసే కణాల నడుమ, వేరే రకం కణాల గుంపులను చూశాడు. అవి ఎందుకున్నవో చెప్పలేకపోయాడు. 1893లో ఫ్రాన్సు దేశపు లాగెస్ వాటికి లాంగర్‌హాన్స్ దీవులని పేరు పెట్టాడు. అప్పటికి ఆయన లేడు; 1888లో మదీరా అనే దీవిలోనే కన్నుమూశాడు!

ఈ లంకలు ఎలా పుడతాయి? గర్భంలో సుమారు ఐదో వారానికి శిశువు పేగుగొట్టం మీద ముందొకటి, వెనుకొకటి మొగ్గలు వేస్తాయి. పేగు మెలితిరిగేటప్పుడు రెండూ కలిసి ఒకే క్లోమం అవుతుంది. లోపల చెట్టుకొమ్మల్లా నాళాలు చీలుతాయి. ఆ నాళాల గోడలలోని కొన్ని కణాలలో న్యూరోజెనిన్-3 అనే జన్యువు కొద్దికాలం మేలుకుంటుంది. అలా మేలుకున్న కణం గోడ విడిచి బయటికి వస్తుంది. ఈ జన్యువు లేని ఎలుకలలో లంకల కణాలు పుట్టనేలేదని 2000లో తేలింది. బయటికి వచ్చినవాటిలో కొన్ని ఇన్సులిన్ చేసే బీటా కణాలు, కొన్ని దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్‌ను చేసే ఆల్ఫా కణాలు అవుతాయి. ఏటిలో ఒండ్రు మేట వేసినట్టు అవి ఒకచోట చేరతాయి, రక్తనాళాలు వాటిని అల్లుకుంటాయి. మూడోనెల ముగిసేసరికి లంకలు కనిపిస్తాయి. పెద్దవారిలో ఇవి సుమారు పదిలక్షలు. అయినా క్లోమం బరువులో నూటికి ఒకటి రెండు వంతులే.

ఆ పిల్లవాడి తల్లి నన్ను పక్కకు పిలిచి, "కడుపుతో ఉన్నప్పుడు నేను మిఠాయిలు తిన్నందుకేనా?" అని అడిగింది. ఆ మాట ఆమె చెవిన వేసింది మనవాళ్లే. కాదమ్మా అన్నాను. వాడి లంకలు సరిగానే పుట్టాయి. తరువాత ఒంటిని కాపాడవలసిన కణాలే పొరబడి వాటిలోని బీటా కణాలను నాశనం చేశాయి.

2014లో హార్వర్డులో డగ్లస్ మెల్టన్ బృందం, గర్భంలో జరిగే వరుసనే అనుసరించి, మూలకణాలనుంచి ఇన్సులిన్ చేసే కణాలను తయారుచేసింది. ఆయన పిల్లలిద్దరికీ ఈ జబ్బే. ఈ సంగతి చెప్పగానే ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ వరుసను మళ్లీ మొదటినుంచి చెప్పమన్నది.