రాయి మనది, దుమ్ము మనది... ఎక్స్‌రే నేర్చుకునే గది ఏది?

(వికారాబాద్‌లో పారామెడికల్ విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



1986లో ఉమ్మడి రాష్ట్రానికి ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అది విజయవాడకు పోయింది. ఉద్యమంలో ఈ మాట మనం ఎన్ని సభల్లో చెప్పినమో లెక్క లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. వరంగల్‌లో కాళోజీ పేరిట మన విశ్వవిద్యాలయం వచ్చింది. 2016 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లా అయింది. 2023 సెప్టెంబర్ 15న ఇక్కడ 100 ఎంబీబీఎస్ సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మంచిదే, కాదనం. కానీ డాక్టర్ సీట్ల ముచ్చట పేపర్లకెక్కుతది. ఆ డాక్టర్ చేతిలో రిపోర్టు పెట్టే ల్యాబ్ టెక్నీషియన్, రేడియోగ్రాఫర్ ఎక్కడ పని నేర్చుకుంటున్నరని అడిగేటోళ్లు లేరు.

ఈ గడ్డ మీద ఆ ప్రశ్న అడగకుండా ఉండలేం. మందులు రాని రోజుల్లో క్షయకు మంచి గాలే వైద్యం. అందుకే అనంతగిరి కొండ మీద, చెట్ల నడుమ క్షయ ఆసుపత్రి వెలిసింది. ఇటు తాండూరుకు పోతే నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, లారీల వెనక లేచే దుమ్ము. సిలికా ఉన్న రాతిదుమ్ము ఏండ్ల తరబడి పీల్చినోడికి సిలికోసిస్ వస్తది. సిలికోసిస్ ఉన్నోడికి క్షయ తొందరగా అంటుకుంటది. ఎక్స్‌రేలో రెండూ ఒకదానిలాగ ఒకటి కనపడి డాక్టర్‌నే తికమక పెడతయి. ఇగ ఆ ఫిల్ము తీసినోడికి పని రాకపోతే? రోగిని నిండుగ ఊపిరి పీల్చి ఆపమని చెప్పకుండ బటన్ నొక్కితే ఊపిరితిత్తుల అడుగుభాగం మసకబారుతది, గుండె ఉన్నదానికంటే పెద్దగ కనపడుతది. తెమడ పరీక్ష కూడ అంతే. స్లైడుకు ఎర్రరంగు పోసి సరిగ వేడి చెయ్యకున్నా, యాసిడ్‌తో అతిగ కడిగినా, ఉన్న క్రిమి కనపడదు. 'నెగిటివ్' అని రాసిన చీటీ పట్టుకొని ఆ కూలి మళ్లీ రాళ్ల పనికే పోతడు. దగ్గు ఇంట్ల పిల్లలకు పంచుతడు.

ఈ పని పుస్తకం చూస్తే రాదు, చెయ్యి తిరగాలె. మనం కలిసిన పిల్లల్లో కొందరు రెండేండ్ల కోర్సు అయిపోయేదాక సొంతంగ ఒక్క స్లైడు వెయ్యలేదు. ఒక ప్రైవేటు కాలేజీల నలభై మందికి ఒకటే మైక్రోస్కోపు, అదీ అద్దాల బీరువాల. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నరు!

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం చేసింది. టెక్నీషియన్ స్థాయి కోర్సుకు కనీసం 2,000 గంటలు, ఫిజియోథెరపిస్టు లాంటి వృత్తుల డిగ్రీకి కనీసం 3,600 గంటలు ఉండాలన్నది. గంటలు కాగితం మీద నింపుడు మన దగ్గర కష్టం గాదు, హాజరుపట్టీ సంగతి మీకు తెల్వదా! ఆ గంటలల్ల ఎన్ని స్లైడులు, ఎన్ని ఫిల్ములు, ఎవరి సంతకం కింద అన్నదే మనం అడగాలె.

తాండూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉన్నది. వికారాబాద్‌కు సుమారు 40 కిలోమీటర్లు, రైలు మార్గం మీదనే. రోగులున్నరు, రోగమూ ఉన్నది. ఈ ఆసుపత్రిని, వికారాబాద్ కళాశాల ఆసుపత్రిని కలిపి ఒకే శిక్షణ కేంద్రంగ చెయ్యాలె. నేర్పెటందుకు సీనియర్ టెక్నీషియన్లకు ట్యూటర్ పోస్టులియ్యాలె, అవి కాంట్రాక్టు గావద్దు. పిల్లలకు స్టైపెండ్ ఇయ్యాలె. లేకుంటే తాండూరు పిల్ల పొద్దుగాల రైలెక్కి పట్నం పోయి, ఉస్మానియాల గుంపుల నిలబడి చూసి వస్తది తప్ప పని నేర్వదు.

ఉద్యోగ సోదరులారా, మీ ల్యాబుల్లోకి వచ్చే విద్యార్థిని రిజిస్టర్లు మోసెటందుకు వాడకండి, కుర్చీల కూసోబెట్టి స్లైడు చేతికియ్యండి. విద్యార్థులారా, చేసిన ప్రతి పరీక్షను తేదీ వేసి నోటుబుక్కుల రాసుకోండి. కలెక్టర్‌కు ఇచ్చే వినతిపత్రానికి ఆ నోటుబుక్కులనే జతచేద్దాం.